తలుపు వైపు

చల్లగా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, చల్లగానే ఉంది, ఆమె చెప్పకపోయినా నాకు తెలుసు, ఈ జెల్ డబ్బాల్లో ఏది మంచిదో ఏరి తెచ్చిందే నేను కదా, కానీ ఇన్నేళ్ళూ దాన్ని రబ్బరు దిమ్మల మీద రాశాను తప్ప నా ఒంటి మీద ఎప్పుడూ రాసుకోలేదు, ఇప్పుడు కుడి పక్కటెముకల కింద నుంచి వీపు దాకా జారుతుంటే ఎవరో తడిచేత్తో తడుముతున్నట్టు ఉంది, దాని మీద నీళ్ళసంచి, సంచి మీద నా పళ్ళెం. నా పళ్ళెం అనకూడదు, అది మా ల్యాబుది, అయినా అందులో వరసలు వరసలుగా కూర్చున్న చప్పుడు పుట్టించే బిళ్ళల్లో ప్రతి ఒక్కదాన్నీ నేనే అతికించాను, ఏది కాస్త బద్ధకంగా మోగుతుందో ఏది ముందే ఎగిరిపడుతుందో నాకు మా చుట్టాల గుణాల కంటే బాగా తెలుసు. చేతులు రెండూ తల పైకి పెట్టించి మెత్తటి పట్టీలు వేశారు. చేయి కదిలితే భుజం, భుజం కదిలితే వెన్ను, వెన్ను కదిలితే కిడ్నీ కదులుతుంది, అందుకని మెడకు అటూ ఇటూ ఇసుక సంచులు కూడా పెట్టారు, కళ్ళు మాత్రం నావి నాకు వదిలేశారు. కదలకుండా ఉండడం నాకు పుట్టుకతో రాలేదు, మాట్లాడకుండా ఉండడం అసలే రాలేదు. ఈ ఒక్క గంట నువ్వు నోరు మూసుకుంటే నీ బొమ్మ చేయించి ల్యాబు గుమ్మంలో పెట్టిస్తానక్కా అన్నాడు మా తమ్ముడు, పొద్దున నన్ను ఈ మంచం మీదికి ఎక్కిస్తూ, నవ్వించాలని అన్నాడు, నేను నవ్వలేదు, నవ్వితే వాడికి ధైర్యం వచ్చేదేమో.

వాడు ఇప్పుడు గోడకు అవతల చిన్నగదిలో యంత్రం ముందు కూర్చుని ఉన్నాడు. ఆ పెట్టెలు వేడెక్కి రొద పెడతాయని రోగి ఉన్న గదిలో ఉంచనివ్వలేదు, గోడకు చిన్న కన్నం చేసి తీగలు ఇటు లాగారు. వాడికి నేను కనిపించను, నాకు వాడు కనిపించడు. డాక్టరమ్మ స్కానింగ్ తెర చూస్తూ తలకు తగిలించుకున్న మైకులో ఏం చెబితే అది వాడి చెవిలో పడుతుంది, వాడు మీట తిప్పుతాడు, పళ్ళెంలోని బిళ్ళలు మోగుతాయి, ఎవరికీ వినబడవు. అన్నీ ఒకేసారి మోగితే అది ఉత్త చప్పుడు. ఒకదాన్ని రవ్వంత ముందు, ఇంకోదాన్ని రవ్వంత ఆలస్యంగా మోగిస్తే ఆ చప్పుళ్ళు ఒంట్లోకి పోయి ఒకచోట కలుసుకుని గిన్నె ఆకారం కడతాయి, గిన్నె గోడంతా హోరు, గిన్నె లోపల మౌనం. చిన్న రేణువు ఏదైనా సరే ఆ హోరులో నిలవలేదు, మౌనంలోకి జారుకుంటుంది, అప్పుడు మెల్లగా గిన్నెను జరిపితే తనూ దాని వెంట జరుగుతుంది. ఇంతే మా విద్య, ఇంతకు మించి ఏమీ లేదు. ఇసుక రేణువులతో మొదలుపెట్టాం, గాజుపూసలకు వచ్చాం, రబ్బరుతో మనిషి నడుం పోతపోసి అందులో రాళ్ళు దాచి వాటిని జరిపాం, చూసినవాళ్ళంతా కళ్ళు నులుముకుంటూ ఇది మంత్రమా అన్నారు, నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా మంచిగా అనిపించేది కాదు, ముట్టుకోకుండా ఒక వస్తువును జరుపుతుంటే అది ఎందుకు జరుగుతోందో ఆ వస్తువుకు తెలియదు కదా అని ఏదో పిచ్చి ఆలోచన వచ్చేది.

రాయి పెద్దదేం కాదు, మిరియపు గింజంత. పెద్దదైతే ఈ గొడవే లేదు. కిడ్నీ నుంచి కిందికి దిగే గొట్టం మూతి దగ్గర కూర్చుంది, వీధి గుమ్మానికి అడ్డంగా కూర్చున్న మొండిపిల్లలాగా, కాస్త అటు జరిగితే వెడల్పు చోటు, అక్కడ ఏళ్ళ తరబడి పడి ఉన్నా పీడ లేదు, కాస్త ఇటు జరిగితే గొట్టంలోకి దిగి బిగుసుకుంటుంది. ఇదివరకు ఒకసారి ఇలాగే ఇంకో రాయి దిగింది, తీసేటప్పుడు గొట్టం లోపల గాయమై మానుతూ మానుతూ సన్నబడిపోయింది, కిడ్నీ సగం సత్తువ అప్పుడే పోయింది. ఇంకోసారి మూసుకుంటే ఇది తేరుకుంటుందని నేను మాటివ్వలేనండి అంది డాక్టరమ్మ, ముక్కుసూటి మనిషి, ఆ గుణం కోసమే ఆమెను మా పనిలోకి పిలిచాను, అప్పుడు ఆ గుణం నామీదికే వస్తుందని అనుకోలేదు. అందరికీ రెండోది ఉంటుంది. నాకు లేదు. ఎడమ పక్కన నాకు ఉన్నది ఒక పొడుగాటి మచ్చ, దాని కింద ఖాళీ, ఆ ఖాళీలో ఉండాల్సింది గోడకు అవతల గదిలో మా తమ్ముడి పొట్టలో ఉంది. పనిచేస్తోంది, బాగానే పనిచేస్తోంది, నా దగ్గర ఉన్నదాని కంటే బాగా.

వాడికి అప్పుడు రెండు కిడ్నీలూ చెడి ఒళ్ళంతా ఉబ్బి ముఖం మారిపోయింది, కళ్ళు రెండు గీతలైపోయాయి, అమ్మ వాడి మంచం పక్కన కూర్చుని ఏడవడం కూడా మానేసి వాడి పాదం మీద బొటనవేలితో నొక్కి గుంట పడుతుందేమో చూస్తూ ఉండేది, నొక్కినచోట గుంట అలాగే ఉండిపోయేది. నాది సరిపోతుందన్నారు. ఇస్తావా అని అమ్మ అడగలేదు, అడగకపోవడమే అడగడం, నేనే ఇస్తానన్నాను, నాన్న నా తల మీద చేయి వేశాడు, మా ఆయన మాత్రం ఆ రాత్రి అన్నం ముందు నుంచి లేచిపోయి, వాడు నీ తమ్ముడైతే నేను నీకేమీ కానా అన్నాడు. ఇప్పుడు బయట కుర్చీల్లో కూర్చుని ఉంటాడు, మా మరదలు కూడా అక్కడే ఉంటుంది, ఇద్దరికీ మధ్య ఒక కుర్చీ ఖాళీగా వదిలి ఉంటారు, ఎప్పుడూ అంతే, ఆయన మంచినీళ్ళు తెస్తే ఆమె తీసుకుంటుంది, థాంక్స్ అంటుంది, అక్కడితో సరి. ఆమె తప్పు లేదు, మొగుడు బతికాడు, బతికినందుకు ఎవరైనా ఎంతకాలమని సిగ్గుపడతారు. వాడూ అంతే. ఇచ్చిన కొత్తలో ప్రతి మాటకీ నీ దయ అక్కా అనేవాడు, చీదరేసి, ఇంకోసారి ఆ మాటన్నావంటే తిరిగి లాక్కుంటానురా గుండూ అన్నాను. చిన్నప్పుడు పేలు పడితే అమ్మ నున్నగా గొరిగించింది, అప్పటి నుంచి వాడు గుండు, ఇప్పుడు జుట్టు వత్తుగా ఉన్నా గుండే, నేను ఆ పేరుతో గట్టిగా అరిస్తే వాడు చేస్తున్న పని ఎక్కడిదక్కడ ఆపేసి నిలబడతాడు, గోడ ఎక్కుతుంటే గోడ మీదే, రోడ్డు దాటుతుంటే రోడ్డు మధ్యలోనే. అరుపు వినగానే కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయక్కా అనేవాడు. తిరిగి లాక్కుంటాననడం అప్పుడు నవ్వులాట, ఇద్దరం నవ్వాం.

పట్టుకుంటున్నాం, మామూలుగా పైపైన ఊపిరి తీయండి అంది డాక్టరమ్మ. పైపైన తీస్తున్నాను. ఒంట్లో ఏమీ తెలియడం లేదు, తెలియదని నేనే అందరికీ చెబుతూ వచ్చాను, నొప్పి ఉండదు, వేడి ఉండదు, అసలేమీ ఉండదు, కానీ ఏమీ లేకపోవడమే ఇప్పుడు భయంగా ఉంది, ఎక్కడో లోపల చీకట్లో ఒక హోరు గిన్నె కడుతోంది, నా మాంసంలో, నా నెత్తుటిలో, నా చెవులకు పడదు, నా ప్రాణం మాత్రం దాని మౌనంలో కూర్చుని ఉంది. కుడి పక్కన నర్సు నీళ్ళసంచి జారకుండా పట్టుకుని ఉంది, ఆమె వేళ్ళ దగ్గర సబ్బు వాసన. ఎక్కింది అంది డాక్టరమ్మ, తన గొంతులో సంతోషం రానివ్వకుండా, రాయి గిన్నెలోకి ఎక్కింది, ఇక మాటలు వద్దు. ఇక మాటలు వద్దన్నది నేను పెట్టిన నియమమే, రాయి గిన్నెలోకి ఎక్కిన తర్వాత మళ్ళీ దించేదాకా రోగి మాట్లాడకూడదు, మెల్లటి ఊపిరి అయితే యంత్రం దాని లయ పట్టుకుని గిన్నెను వెంట జరుపుకుంటుంది, మాట అలా కాదు, దగ్గు అలా కాదు, పొట్ట ఎగిరిపడి కిడ్నీ ఒక్కసారి జరిగితే గిన్నె గోడే రాయిని తోసేస్తుంది, ఎటు తోస్తుందో ఎవరూ చెప్పలేరు. రబ్బరు నడుముకు నోరు లేదు కాబట్టి ఆ సంగతి పరీక్షించి చూడలేకపోయాం, లెక్క కట్టి చెప్పాను. పైకి, అంది ఆమె, ఇంకొంచెం పైకి, ఆగు. రాయి ఇప్పుడు గొట్టం మూతి మీద గాలిలో దీపంలా వేలాడుతోందన్నమాట. ఇక పక్కకు జరపాలి, బయటి పక్కకు, వెన్నుకు దూరంగా, అంతే, ఒక్క జరుపుడు.

చూడ్డానికి ఏమీ లేదు, గది చూస్తున్నాను. పైకప్పు తెల్లగా ఉంది, ఒక మూల పెచ్చు లేచింది. ఎడమ పక్కన కిటికీ, సగం దాకా పాలరంగు అద్దం, అవతల ఏదో కొమ్మ నీడ కదులుతోంది. కుడి పక్కన తలుపు, ఇత్తడి పిడి, దాని మీద ఎవరిదో తెల్లకోటు వేలాడుతోంది. ఎడమన కిటికీ, కుడిన తలుపు. ఇందులో ఏముంది, ఏ గదికైనా ఒక కిటికీ ఒక తలుపు ఉంటాయి, కానీ నా గుండెలో ఏదో పుల్ల విరిగినట్టయింది, ఎందుకో వెంటనే తెలియలేదు, చూపు మళ్ళీ ఇటు నుంచి అటు పోయింది, కిటికీ, తలుపు, మా ల్యాబులో ఇది ఇలా కాదు కదా, పూసలు జరిపే నీళ్ళట్యాంకు ముందు నిలబడితే మాకు కుడిపక్క కిటికీ, ఎడమపక్క తలుపు.

ట్యాంకు అడుగున అద్దం, అద్దంలోంచి కెమెరా, అందుకని తెరమీద కుడి ఎడమైపోయేది, ఎడమ కుడైపోయేది, మొదట్లో ఒకరు కుడికి అంటే ఇంకొకరు తెరమీది కుడికి జరపడం, పూస వెళ్ళి గాజుగోడకు కొట్టుకోవడం, నీ కుడా నా కుడా అని రోజంతా తగువులు. విసుగొచ్చి మా ల్యాబు పెద్దాయన ఒకనాడు టేబుల్ మీద చరిచి, ఈ ల్యాబులో ఇవాళ్టి నుంచి కుడీ లేదు ఎడమా లేదు, కిటికీ వైపు, తలుపు వైపు, అంతే అన్నాడు. అది ఎంత అలవాటైపోయిందంటే మా తమ్ముడు పన్నునొప్పి వచ్చి డాక్టరు దగ్గరికెళ్ళి కిటికీ వైపు పన్నండీ అన్నాడు, ఆ కథ చెప్పుకుని నెలంతా నవ్వుకున్నాం. డాక్టరమ్మ మొదటిసారి వచ్చినప్పుడు మమ్మల్ని పిచ్చివాళ్ళను చూసినట్టు చూసింది, తర్వాత తనూ అదే భాషలో పడింది, యంత్రం మీటల మీద వాడు చీటీలు కూడా అంటించాడు, కిటికీ, తలుపు అని, వాడి వంకర రాతతో. రబ్బరు నడుమును ఎప్పుడూ బయటి పక్క కిటికీకి ఉండేలా పెట్టేవాళ్ళం. వెన్నుకు దూరంగా అంటే కిటికీ వైపు. వెన్ను దగ్గరికి, గొట్టంలోకి, అంటే తలుపు వైపు. వాడి చేతికి తెలిసింది అది. ఇక్కడ నా బయటి పక్క, నా కుడి పక్క, డాక్టరమ్మ నిలబడ్డ పక్క, అటు ఉన్నది తలుపు.

ఆమె ఏ మాట అంటుంది. ల్యాబులో ఉన్నానని అనుకుంటే కిటికీ అంటుంది, వాడు బయటికి జరుపుతాడు, బతికిపోతాను. ఈ గదిలో ఉన్నానని అనుకుంటే, కంటి ముందు ఉన్న తలుపు చూసి తలుపు అంటుంది, వాడు గోడకు అవతల ఉన్నాడు, వాడికి ఈ తలుపు కనిపించదు, చీటీ చూస్తాడు, తలుపు అని ఉన్న మీట తిప్పుతాడు, రాయి తిన్నగా గొట్టంలోకి దిగుతుంది. ఈ సంగతి పొద్దున ఎవరికైనా తట్టిందా. పొద్దున వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకుంటుంటే నేను కూడా వస్తానన్నాను, రానివ్వలేదు, ఇవాళ నువ్వు పేషెంటువి అక్కా, ఇవాళ ఒక్కరోజు మమ్మల్ని పని చేసుకోనీ అన్నాడు, అప్పుడే ఒళ్ళు మండింది, వాడు చేసుకునే పని నాకు తెలియదా, వాడికి ఏ పనైనా సగం దాకానే గుర్తుంటుంది, కుళాయి తిప్పి మరిచిపోతాడు, ట్యాంకు నీళ్ళు మరిగించి వాటిలోని గాలి తీయమంటే సగం తీసి టీకి వెళ్ళిపోతాడు, వాడి వెనక తిరుగుతూ మూతలు పెట్టేది, మీటలు సరిచూసేది నేనే, అరవై ఏళ్ళొచ్చినా వాడి వెనక నేనే తిరగాలి, నేను లేని రోజున వాడికి కిటికీ తలుపుల సంగతి తట్టిందంటే నమ్మమంటారా. ఇప్పుడు ఎలా చెప్పను. చేతులకు పట్టీలు. మెడకు ఇసుక సంచులు. కనురెప్పలు గబగబా కొట్టాను, నర్సు చూసి, భయం లేదమ్మా అని భుజం నిమిరింది. భయం లేదట. డాక్టరమ్మ తెర వైపే చూస్తోంది, చూపు తిప్పడం లేదు, తిప్పకూడదు కూడా.

ఏదో ఒక ఆలోచన లోపలి నుంచి పైకి వస్తోంది, రావద్దని తొక్కిపెడుతున్నాను, వస్తోంది. ఇవ్వకుండా ఉండాల్సింది. ఇదీ ఆ ఆలోచన. అప్పుడు ఇవ్వకుండా ఉంటే నేనివాళ ఇలా ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని పడుకునేదాన్ని కాదు, ఒకటి మూసుకుంటే ఇంకోటి ఉండేది, లేచి ఇంటికి వెళ్ళి ఆయనతో పోట్లాడుతూ కాఫీ తాగేదాన్ని. మరి వాడో. వాడు ఉండేవాడు కాదు. ఉండకపోతే, అని అక్కడ ఆగింది ఆలోచన, ఆగిందా, ఆపానా, తెలియదు, పాదం మీద అమ్మ బొటనవేలి గుంట గుర్తొచ్చింది, ఛీ అనుకున్నాను, నన్ను నేనే తిట్టుకున్నాను, అయినా ఆ ఆలోచన పోలేదు, పక్కకు తప్పుకుని ఒక మూల నిలబడింది. వాడికి నేనంటే ప్రాణం. ఆ మాట వాడే అంటుంటాడు. నాకు వాడంటే ప్రాణం కాకపోతే ఇచ్చేదాన్నా. ఇచ్చినప్పుడు ఉన్న ప్రాణం ఇప్పటికీ అలాగే ఉందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదాన్నో, అదృష్టం, ఎవరూ అడగలేదు.

ఊపిరి తీసుకోండి, బిగబట్టండి, అంది డాక్టరమ్మ. బిగబట్టాను. కొమ్మ నీడ కూడా ఆగినట్టుంది. మనసులో కిటికీ, కిటికీ, కిటికీ అని పోరుతున్నాను, నా మనసులోది ఆమె నోటికి అందిద్దామన్నట్టు. ఆమె ఒక్కసారి తెర మీంచి చూపు తీసింది. తలుపు వైపు చూసింది, ఇత్తడి పిడి వైపు, స్పష్టంగా చూశాను. మళ్ళీ తెర వైపు తిరిగి మైకులో చెప్పింది.

"తలుపు వైపు. మెల్లగా."

నా లోపల ఎవరో ఒక మెట్టు తీసేసినట్టయింది. నేను ఆలోచించానా, లేదు, నియమం గుర్తొచ్చిందా, వచ్చింది, నేను పెట్టిందే కదా, మాట్లాడితే ఏమవుతుందో నా లెక్కే చెబుతోంది, మాట్లాడకపోతే ఏమవుతుందో కూడా నా లెక్కే చెబుతోంది, రెండు లెక్కలూ నెత్తిమీద నిలబడ్డాయి, గోడకు అవతల వాడి చేయి మీట మీద పడుతోంది, వంకర రాతతో తలుపు అని రాసిన మీట మీద, ఎప్పుడూ అంతే, వెనకాముందూ చూడడు, చిన్నప్పుడూ అంతే, రోడ్డు మధ్యలోకి పరిగెత్తేవాడు.

"ఒరేయ్ గుండూ, ఆగు!"

ఇంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. నర్సు చేతిలో నీళ్ళసంచి ఎగిరిపడింది, నా పొట్ట ఎగిరిపడింది, గోడ అవతల రొద టక్కున ఆగిపోయింది. వాడు ఆగిపోయాడు. అరుపు గోడ దాటి వెళ్ళింది, వాడి చేతులు వాటంతట అవే ఆగిపోయాయి. డాక్టరమ్మ తెరమీదికి వంగింది, చేతిలోని స్కానింగ్ పిడిని నా పక్కటెముకల కింద ఇటు జరిపింది, అటు జరిపింది, గట్టిగా నొక్కింది, ఇంకా కిందికి జరిపింది, ఎక్కడ వెతుకుతోందో నాకు తెలుస్తోంది, ఎక్కడ వెతకకూడదో అక్కడ వెతుకుతోంది. ఏమైందండి మీకు అంది, కోపంగా కాదు, కోపమైనా బావుండేది. నేను గబగబా చెప్పాను, కిటికీ, తలుపు, ల్యాబులో అటు, ఇక్కడ ఇటు, వాడికి కనిపించదు, నేను ఆపకపోతే వాడు గొట్టంలోకి తోసేసేవాడు అని, ఇప్పుడు మాట్లాడొచ్చు కదా, ఇప్పుడు ఎంతైనా మాట్లాడొచ్చు. ఆమె వింటూ వింటూ కళ్ళు మూసుకుంది.

తలుపు తెరుచుకుంది, తెల్లకోటు ఊగింది, వాడు వచ్చాడు. తలకు తగిలించుకున్నవి తీయడం కూడా మరిచిపోయాడు, తీగ వెనక వేలాడుతోంది. ముందు నా ముఖం చూడలేదు, తెర చూశాడు, తెర చూసి డాక్టరమ్మను చూశాడు, ఆమె తల అడ్డంగా ఊపింది, అప్పుడు నన్ను చూశాడు. వాడి చూపుడువేలికి, బొటనవేలికి మార్కర్ సిరా అంటుకుని ఉంది, నల్లగా, ఇంకా కొత్తగా.

"పొద్దున్నే మార్చేశామక్కా. ఈ గదికి వచ్చి నిలబడి, కిటికీ ఎటుందో తలుపు ఎటుందో చూసుకుని, చీటీలు మళ్ళీ రాసి అంటించాను. మేడమ్‌తో మూడుసార్లు చెప్పించుకుని సరిచూసుకున్నా."

నాకెందుకు చెప్పలేదురా అన్నాను. వాడు నేల వైపు చూశాడు. చెబితే నువ్వు మొత్తం మళ్ళీ నీ చేత్తో మార్చేదాకా ఊరుకోవని, నిద్రపోవని, నేనే చెప్పొద్దన్నాను అన్నాడు. వాడు చెబుతుంటే వాడి వెనక తిరిగి నేను పెట్టిన మూతలన్నీ గుర్తొచ్చాయి, వాటిలో ఎన్ని వాడు అప్పటికే పెట్టి ఉంటే నేను తీసి మళ్ళీ పెట్టానో ఇవాళే మొదటిసారి అనుకున్నాను. నేను అరిచేసరికి ఒక్క జరుపుడే మిగిలింది, వాడు సరైన వైపుకే జరుపుతున్నాడు. గిన్నె కదలబోతుంటే నేనే కదిలాను. డాక్టరమ్మ నర్సుతో మెల్లగా మాట్లాడుతోంది, ఆపరేషన్ గది సిద్ధం చేయమంటోంది, వీపులోంచి సూది వేసి చూద్దామంటోంది, చూద్దాం అన్న మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. మళ్ళీ పళ్ళెం పెట్టి లాగలేమా మేడమ్ అని వాడు అడిగాడు, రాయి గొట్టంలోకి దిగిపోయింది, అక్కడికి ఎముక అడ్డం, చప్పుడు చేరదు అంది ఆమె, అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు, అయినా అడిగాడు.

నర్సు పట్టీలు విప్పింది. చేతులు కిందికి దించాను, తిమ్మిరెక్కి నావి కానట్టున్నాయి. అప్పుడు మొదలైంది, కుడి పక్కన, లోతుగా, ఇంకా నొప్పి కాదు, ఎవరో లోపల కూర్చుని తీరిగ్గా పిడికిలి బిగిస్తున్నట్టు, ఇది నాకు తెలిసిన పిడికిలే, పోయినసారి ఇలాగే మొదలై సగం తీసుకుపోయింది. వాడు నా ముఖంలో అది చూశాడు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు, జెల్‌తో తడిసిన నా చేయి పట్టుకున్నాడు, వాడి చేయి వెచ్చగా ఉంది, వాడి ముఖం నిండుగా ఉంది, ఎక్కడా ఉబ్బు లేదు, చెంపల్లో నెత్తురు ఉంది, ఎప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదు, నా సొమ్ము ఎంత బాగా ఉందో.

"నీది నీకిచ్చేస్తానక్కా," అన్నాడు. "నాకు నిజంగానే... నీది నువ్వు తీసేసుకో."

పిచ్చిమాటలు మాట్లాడకండి, బయటికి వెళ్ళండి అంది డాక్టరమ్మ. వాడు వెళ్ళలేదు, నా కళ్ళలోకే చూస్తున్నాడు, చిన్నప్పుడు రోడ్డు మధ్యలో నిలబడి ఇక రావచ్చా అని చూసేవాడు, అలాగే. ఛీ నోర్ముయ్‌రా గుండూ అనాలి ఇప్పుడు నేను, వద్దురా అనాలి, ఏ అక్కయినా అంటుంది, అమ్మ ఉంటే నా తరఫున తనే అనేసేది. గొంతులో తడి ఉంది, ఊపిరి ఉంది, మాట్లాడొద్దని నన్నెవరూ అనడం లేదు. వాడు చూస్తూనే ఉన్నాడు, నర్సు మంచం చక్రాలకు ఉన్న బిగింపు విప్పింది, మంచం కదిలింది, వాడు నా చేయి వదలకుండా వెంట నడుస్తున్నాడు, గుమ్మం దాకా వచ్చాడు, నేను ఇంకా వద్దని అనలేదు.